వార్షిక నివేదిక: మూడు ఆదివారాల చర్చ

సభ్యులందరికీ నమస్కారం.

రక్తదాన శిబిరం, పదో తరగతి పిల్లలకు సాయంకాలపు చదువులు, పుస్తక పఠనం ఎప్పటిలాగే జరిగాయి. ఈ ఏడాది నేను ముఖ్యంగా చెప్పవలసింది గర్భస్రావంపై మనం వరుసగా మూడు ఆదివారాలు జరిపిన చర్చ గురించి.

ఈ విషయం జోలికి పోవద్దని, సంఘం చీలిపోతుందని కార్యవర్గంలోనే కొందరు వారించారు. వారి భయం ఊరికే పుట్టింది కాదు. 1994 డిసెంబరు 30న అమెరికాలో బోస్టన్ పక్కనున్న బ్రూక్‌లైన్‌లో ఒకడు గర్భస్రావాలు చేసే రెండు క్లినిక్కులలో కాల్పులు జరిపి ఇద్దరు ఉద్యోగినులను చంపాడు. ఆ తర్వాత గర్భస్రావాన్ని సమర్థించే, వ్యతిరేకించే ఇరుపక్షాల మహిళా నాయకులు ఆరుగురు రహస్యంగా కలుసుకుని ఐదేళ్లకు పైగా మాట్లాడుకున్నారు. 2001లో అందరూ కలిసి పత్రికలో వ్యాసం రాశారు. ఎవరి అభిప్రాయమూ మారలేదు, ఎదుటివారిని చూసే చూపు మారింది. అంత నెత్తురు చూసినవారు కూర్చోగా లేనిది, ఒకే వీధివాళ్లం మనం కూర్చోలేమా అని నేను పట్టుబట్టాను.

మొదటి ఆదివారమంతా మాటల దగ్గరే గడిచింది. టీచరుగారు బోర్డు మీద ‘భ్రూణహత్య’ అని రాశారు. విశ్రాంత నర్సమ్మగారు లేచి, "దానంతట అది పోయినా, తీయించుకున్నా మనకు గర్భస్రావమనే ఒకే మాట ఉంది. బిడ్డ పోయి ఏడుస్తున్న తల్లినీ అనుమానంగా చూస్తాం" అన్నారు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ‘గర్భం తీయించుకోవడం’ అన్న మాటకు అందరూ ఒప్పుకున్నాక, తాను రాసిన మాటను టీచరుగారే తుడిచేశారు.

రెండోవారం చట్టం చదివాం. 1971 నాటి చట్టం, దానికి 2021లో వచ్చిన సవరణ. 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం చాలు. నిర్దేశించిన వర్గాల స్త్రీలకు 24 వారాల వరకు ఇద్దరు డాక్టర్లు అంగీకరించాలి. ఆ వర్గాల నుంచి పెళ్లికానివారిని తప్పించరాదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. మేజరైన స్త్రీకి తన సంతకం చాలు. ఇది విని ఒక పెద్దాయన, "ఆనాడు ఆసుపత్రిలో నా సంతకం అడిగారు. అది నా హక్కనే ఇన్నాళ్లూ అనుకున్నాను" అన్నారు.

ఎదుటివారి మాటను వారు ఒప్పుకునేలా తిరిగి చెప్పాకే జవాబివ్వాలన్నది మూడోవారం నియమం. "స్కానింగులో ఆ గుండె చప్పుడు విన్నానమ్మా, అక్కడ ఎవరూ లేరని నేను అనుకోలేను" అన్నారు టీచరుగారు. నర్సమ్మగారు తిరిగి చెప్పారు. "సగమే చెప్పారు" అన్నారు టీచరుగారు. రెండోసారికి తల ఊపారు. తర్వాత నర్సమ్మగారు, నాటువైద్యం చేయించుకుని ఒళ్లంతా విషమెక్కి తమ వార్డుకు వచ్చిన ఒక పిల్ల సంగతి చెప్పారు. దాన్ని తిరిగి చెబుతూ టీచరుగారు మధ్యలో ఆగిపోయి కళ్లు తుడుచుకున్నారు.

మూడు విషయాలలో ఇరుపక్షాలూ కలిశాయి. ఆడపిల్ల అని తెలిసి గర్భం తీయించడం నేరం, దాన్ని ఎవరు చేసినా ఊరుకోం. ఏ అమ్మాయీ నాటువైద్యుల గడప తొక్కే గతి పట్టకూడదు. బిడ్డను కనాలనుకుని, డబ్బు లేక వెనకాడే తల్లికి సంఘం అండగా నిలవాలి. ఇంతకు మించి కలవలేదు, కలిశామని రాయను.

వస్తానని మాట ఇచ్చిన వైద్యశాఖ అధికారి మూడు వారాలూ రాలేదు. భర్త సంతకం అక్కర్లేదని ఆసుపత్రిలో బోర్డు పెట్టమని ఇచ్చిన అర్జీకి జవాబు లేదు. పేర్లిచ్చిన పన్నెండు మంది కార్యకర్తలలో కుర్చీలు వేయడానికి వచ్చింది నలుగురే. మిగతావారు కనీసం ఫోను ఎత్తి ఉండవలసింది. నాకు బాధ కలిగింది.

హాలు ఇచ్చిన గ్రంథాలయం వారికి, మజ్జిగ పోసిన మహిళా విభాగానికి, గొంతు పెంచకుండా సభ నడిపిన ఉపాధ్యక్షురాలికి, ముఖ్యంగా టీచరుగారికి, నర్సమ్మగారికి కృతజ్ఞతలు. లెక్కలు కోశాధికారి చదువుతారు. కొద్దిపాటి మిగులు ఉంది.

అర్జీ మళ్లీ ఇవ్వాలి. సంతకాల పుస్తకం ద్వారం దగ్గర బల్ల మీద ఉంది. మొదటి రెండు సంతకాలు వారిద్దరివే.

కార్యదర్శి