మూడు తరాల వార్తలో మైదానం ఏది?

సంపాదకులకు,

అయ్యా,

మా పల్లె క్రికెట్ క్లబ్బుకు ఒకే ఇంటి మూడు తరాలవారు ఆడారంటూ మీ క్రీడల పేజీలో వార్త వచ్చి పది రోజులైంది. తప్పులను మీరే సరిదిద్దుతారేమోనని ఇన్నాళ్లూ ఎదురుచూశాను. ఆడినన్నాళ్లూ స్టంపుల వెనుక నిలబడిన తాతగారిని మీరు ఫాస్ట్ బౌలర్‌ను చేశారు. ఫొటో కింద తండ్రి పేరు కొడుకుకు, కొడుకు పేరు తండ్రికి పెట్టారు. చాలా ఏళ్లు ఆ క్లబ్బు స్కోరు పుస్తకం రాసినవాడిని కనుక ఇవి నాకు పంటి కింద రాళ్లలా తగిలాయి.

అంతకన్నా బాధపెట్టింది, క్రికెట్ వీరి రక్తంలోనే ఉందన్న మీ శీర్షిక. పల్లె జట్టును దగ్గరగా చూసినవారెవరూ ఆ మాట అనరు. ఆట మొదలయ్యే వేళకు పదిమందే పోగవుతారు. బౌండరీ దగ్గర కూర్చుని తండ్రి ఆట చూడవచ్చిన పన్నెండేళ్ల కుర్రవాణ్ణి పిలిచి ఫైన్ లెగ్‌లో ఫీల్డింగుకు నిలబెడతారు, చివరి వికెట్‌కు బ్యాటిచ్చి పంపుతారు. పాతికేళ్ల తరువాత అతడే కెప్టెనై తన కొడుకును అలాగే పిలుస్తాడు. ఆ ఇంటి కొడుకు, మనవడు జట్టులోకి వచ్చింది ఇలాగే. తేదీలతో సహా నా పుస్తకాల్లో ఉంది. ఇందుకు కావలసిందల్లా పిల్లవాడు నడిచి రాగలిగే దూరంలో ఒక మైదానం.

పేరుమోసిన కుటుంబాల సంగతీ అంతే. 1880లో లండన్‌లోని ఓవల్ మైదానంలో జరిగిన టెస్టులో ఇంగ్లండ్‌కు కలిసి ఆడిన ముగ్గురు గ్రేస్ సోదరులు ఇంటి పండ్లతోటలో చదును చేసుకున్న పిచ్ మీద ఆట నేర్చినవారే. హెడ్లీల ఇంట తాత జార్జ్, తండ్రి రాన్ వెస్టిండీస్‌కు, మనవడు డీన్ ఇంగ్లండ్‌కు టెస్టులు ఆడారంటే, దేశం మారినా ఆడుకునే చోటు దొరికిందన్నమాట.

మాకు ఉన్న ఊళ్లోనే దొరకడం లేదు. ఆ ఫొటోలో కుటుంబం వెనుక ఉన్న కంకర కుప్పలను మీరు శ్రద్ధగా కత్తిరించి వేశారు. ఆ కుప్పలున్నది మా మైదానంలోనే. తాత్కాలికమంటూ అధికారులు తీసుకున్న ఆ భాగం మూడేళ్లయినా తిరిగి రాలేదు. 22 గజాల పిచ్ మిగిలింది గాని, ఒక కొస నుంచి బౌలర్ పరుగెత్తి రావడానికి చోటు లేదు. అర్జీ పట్టుకుని వెళితే కొలతలు తీయాలన్నారు. తీసినవారు బదిలీ అయ్యారన్నారు. కొత్తగా వచ్చినవారు మైదానం ఎక్కడుందో మమ్మల్నే అడిగారు. ఆ ఇంటివారి సన్మానానికి మాత్రం ఈ అధికారులంతా వేళకు ముందే వచ్చి, గ్రామీణ క్రీడల అభివృద్ధిపై ముప్పావు గంట ప్రసంగించారు. వేదిక వేయించింది సరిగ్గా పిచ్ మీద! గుంజల కోసం తవ్విన గుంతలు మంచి బంతి పడాల్సిన గుడ్ లెంగ్త్ దగ్గర ఇంకా అలాగే ఉన్నాయి.

ఆ ఇంటి నాలుగో తరం కుర్రవాడికి తొమ్మిదేళ్లు. సందులో గోడ మీద మూడు గీతలు గీసుకుని ఆడుకుంటున్నాడు. అతని ఫొటో కోసం మీరు వచ్చినప్పుడు కంకర కుప్పలను కూడా ఉండనివ్వండి. తాతగారు వికెట్‌కీపర్ అని ఈసారైనా రాయండి.

ఇట్లు,
క్లబ్బు మాజీ స్కోరర్