పిల్లల్ని తిట్టే ముందు వైఫై డబ్బా వైపు చూడండి

పాఠశాల వార్తాలేఖ, ఆగస్టు
ప్రధానోపాధ్యాయుడి ఉత్తరం

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈ నెల 29న తెలుగు భాషా దినోత్సవం. ఆ రోజు గిడుగు రామమూర్తి పంతులు గారి పుట్టినరోజు. ఆయన పాఠాలు చెప్పింది ఒడిశాలోని మన పర్లాకిమిడిలోనే. ఇక్కడే సవర భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు కూర్చారు. అందుకని ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు ఆయన గురించి చదివి వ్యాసం రాసుకురమ్మని చెప్పాం. చాలామంది రాసి తెచ్చారు. కొందరు మాత్రం ఖాళీ చేతులతో వచ్చి, "ఏ పేజీ నొక్కినా ఇంకేదో తెరుచుకుంటోంది సార్" అన్నారు. రమ్మీ ఆటలు, లాటరీ తగిలిందన్న పేజీలు, పిల్లలు చూడకూడని బొమ్మలు వస్తున్నాయట. వీళ్లకు గడువు వచ్చే సోమవారం దాకా పెంచాం. ఆ వ్యాసాల గురించి ఇక టెన్షన్ పడకండి.

నన్ను కలవరపెట్టింది ఆ తర్వాత తెలిసిన సంగతి. కొన్ని ఇళ్లలో ఈ పేజీలు చూసి పిల్లల్ని కొట్టారు. ఒక అమ్మాయి ఇక ఫోన్ ముట్టుకోకూడదని ఇంట్లో తేల్చి చెప్పేశారు. ఒక తండ్రి నా దగ్గరకు వచ్చి, "మాస్టారూ, మా గుంటడు ఏటో నొక్కీసినాడండి, ఫోన్ పాడయిపోనాది" అని బాధపడ్డారు. బజారులో ఆ ఫోన్‌ను ఫార్మాట్ కొట్టించారు. ఇంటికి తెచ్చి వైఫై కలిపిన సాయంత్రమే మళ్లీ అవే పేజీలు వచ్చాయి. ఇంట్లో తల్లి ఫోన్‌లో కూడా అలాగే వస్తోందా అని అడిగితే, వస్తోందన్నారు. ఇంట్లో ఉన్న ఫోన్లన్నిటికీ ఒకేసారి ఒకే జబ్బు వస్తే, చూడవలసింది ఆ ఫోన్లన్నీ కలిసే చోట. అంటే గోడకు తగిలించిన వైఫై రౌటర్‌లో.

మనం ఫోన్‌లో ఒక వెబ్‌సైట్ పేరు కొడితే, ఫోన్‌కు ఆ పేరుతో పని జరగదు. ఆ సైట్ ఉన్న కంప్యూటర్‌కు ఒక అంకెల చిరునామా ఉంటుంది, అది కావాలి. పేరు చెబితే అంకెలు చెప్పే ఏర్పాటును డీఎన్ఎస్ అంటారు. ఊరికి కొత్తగా వచ్చిన మనిషి బస్టాండ్‌లో ఫలానా వారి ఇల్లెక్కడని అడిగితే, చెప్పేవాడు కావాలనే వేరే వీధి చూపించాడనుకోండి, ఆ మనిషి ఎంత జాగ్రత్తగా నడిచినా చేరేది తప్పు ఇంటికే. ఇంట్లో ఫోన్లు ఈ ప్రశ్న ఎవరిని అడగాలో చెప్పేది రౌటర్. ఎవరైనా రౌటర్‌లోకి దూరి ఆ డీఎన్ఎస్ చిరునామాను తమదిగా మార్చేస్తే, ఆ ఇంట్లో ప్రతి ఫోనూ, ప్రతి లాప్‌టాపూ, టీవీ కూడా మోసగాడినే దారి అడుగుతాయి. ఫోన్‌లో వైరస్ ఉండక్కర్లేదు. పిల్లవాడు తప్పుగా ఏదీ నొక్కక్కర్లేదు.

రౌటర్‌లోకి ఎలా దూరతారు? చాలా ఇళ్లలో రౌటర్ సెట్టింగ్స్ తెరవడానికి యూజర్ నేమ్ "అడ్మిన్", పాస్‌వర్డ్ కూడా "అడ్మిన్". కంపెనీ పెట్టినది అలాగే ఉండిపోతుంది. వైఫై పాస్‌వర్డ్ మార్చినవాళ్లు కూడా దీన్ని మార్చరు, ఎందుకంటే ఇలాంటిది ఒకటి వేరేగా ఉందని బిగించడానికి వచ్చిన కుర్రాడు చెప్పడు. మనం మామూలుగా తెరిచిన ఒక పేజీలో దాగి ఉన్న ప్రోగ్రామ్ మన ఫోన్ ద్వారానే రౌటర్‌ను పలకరించి, ఆ పాత పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్లి, డీఎన్ఎస్ మార్చి బయటపడగలదు. మనకు ఏమీ కనిపించదు.

ఇది మన ఊరికి కొత్తగా వచ్చిన వింత కాదు. 2012లో బయటపడిన వివరాల ప్రకారం బ్రెజిల్‌లో సుమారు 45 లక్షల ఇంటర్నెట్ మోడెమ్‌లలో ఇలాగే డీఎన్ఎస్ మార్చేసి, జనాన్ని దొంగ బ్యాంకు పేజీలకు పంపారు. అంతకుముందు 2011 నవంబరులో అమెరికా ఎఫ్‌బీఐ బయటపెట్టిన ముఠా డీఎన్ఎస్ ఛేంజర్ అనే వైరస్‌తో వందకు పైగా దేశాల్లో 40 లక్షల దాకా కంప్యూటర్లకు దారి తప్పించింది. ఎస్టోనియాలో ఆరుగురిని అరెస్టు చేశారు. ఆ దొంగ సర్వర్లను ఉన్నపళంగా ఆపేస్తే లక్షల ఇళ్లలో ఇంటర్నెట్టే ఆగిపోతుంది కాబట్టి, వాటి స్థానంలో మంచి సర్వర్లు పెట్టి 2012 జులై 9 దాకా నడపవలసి వచ్చింది. అంత పెద్ద ఎత్తున జరిగే మోసానికి మన ఎనిమిదో తరగతి పిల్లవాడిని దోషిని చేయడం అన్యాయం. ఈ మాట నేను గట్టిగానే చెబుతున్నాను.

మరి తప్పు రౌటర్‌దో ఫోన్‌దో తేల్చుకోవడం ఎలా? ఇది ఇంట్లో ఎవరైనా చేయగలరు. వైఫై ఆపేసి, సిమ్ డేటా మీద అదే సైట్ తెరవండి. డేటా మీద బాగానే వచ్చి, వైఫై మీద మాత్రం వేరే పేజీకి పోతుంటే, రెండో ఫోన్‌లో కూడా అదే చూడండి. అక్కడా అలాగే జరిగితే అనుమానం రౌటర్ మీద, లేదా మీకు ఇంటర్నెట్ ఇచ్చే లైన్ మీద. డేటా మీద కూడా చెత్త పేజీలే వస్తుంటే మాత్రం అది ఆ ఫోన్ సంగతి. ఈమధ్య వేసిన ఏదో యాప్, లేదా బ్రౌజర్‌లో "నోటిఫికేషన్లు పంపమంటారా" అన్నప్పుడు సరే అన్న సైట్లు కారణం కావచ్చు. ఆ యాప్ తీసేసి, ఆ అనుమతులు రద్దు చేస్తే చాలావరకు సర్దుకుంటుంది. ఒక్కసారి చూసి బాగుందని వదిలేయకండి. ఈ మోసగాళ్లు ప్రతిసారీ దారి మళ్లించరు. కొన్ని సైట్లకే, కొన్నిసార్లే చేస్తారు, పట్టుబడకుండా ఉండడానికి. అందుకే పిల్లలు "ఇప్పుడే వచ్చింది" అన్నప్పుడు పెద్దలు చూస్తే ఏమీ ఉండదు, పిల్లలు అబద్ధం చెబుతున్నారనుకుంటారు.

ఇంకో పరీక్ష. ఆండ్రాయిడ్ 9, ఆ తర్వాతి ఫోన్లలో నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో "ప్రైవేట్ డీఎన్ఎస్" అని ఉంటుంది. అక్కడ ఇంగ్లీషు అక్షరాల్లో "dns.google" (డీఎన్ఎస్ డాట్ గూగుల్) అని కొట్టి సేవ్ చేస్తే, ఆ ఫోన్ రౌటర్ చెప్పిన దారి వదిలి నేరుగా గూగుల్ డీఎన్ఎస్‌ను అడుగుతుంది. వైఫై మీదే ఉండి, ఇది పెట్టగానే చెత్త పేజీలు ఆగిపోతే, లోపం డీఎన్ఎస్‌లోనే ఉందని దాదాపు తేలినట్టే. ఆ ఫోన్‌కు ఇది అప్పటికి రక్ష కూడా. కానీ రౌటర్ బాగుపడదు, ఇంట్లో మిగతా ఫోన్లు అలాగే ఉంటాయి.

రీఛార్జ్ అయిపోయినప్పుడు ఏ సైట్ తెరిచినా బిల్లు కట్టమనే పేజీకి తీసుకెళ్లే పద్ధతి కొన్ని ఇంటర్నెట్ సంస్థలకు ఉంది. అది మోసం కాదు. అయినా ఆ పేజీలో డబ్బు కట్టకుండా, ఆ సంస్థ యాప్‌లోనో కౌంటర్‌లోనో కట్టండి.

ఇక బాగుచేయడం. రౌటర్‌ను ఆపి మళ్లీ వేస్తే చాలదు. మారిన సెట్టింగ్ లోపల రాసి ఉంటుంది, కరెంటుతో పాటు పోదు. ఈ వానాకాలంలో కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మీ రౌటర్ ఆరి వెలుగుతూనే ఉంది కదా, దాంతో బాగుపడేదైతే ఈపాటికి బాగుపడేది. ముందు రౌటర్ అడుగున అతికించిన కాగితం చూడండి. సెట్టింగ్స్ తెరిచే చిరునామా అక్కడ ఉంటుంది, ఎక్కువగా 192.168.1.1 లేదా 192.168.0.1. బ్రౌజర్‌లో పైన ఆ అంకెలు కొట్టి లోపలికి వెళ్లాక డీఎన్ఎస్ అనే మాట ఎక్కడుందో వెతకండి. ఇది రెండు చోట్ల ఉండవచ్చు: ఇంటర్నెట్ లేదా వాన్ అన్న చోట ఒకటి, లాన్ లేదా డీహెచ్‌సీపీ అన్న చోట ఇంకొకటి. రెండూ చూడాలి. ఒకటి సరిచేసి రెండోది వదిలేస్తే మళ్లీ మొదటికొస్తుంది. అక్కడ మీరెవరూ పెట్టని అంకెలు కనిపిస్తే ఫోటో తీసుకుని, మీ ఇంటర్నెట్ సంస్థను ఆ అంకెలు తమవేనా అని అడగండి. తమవి కావంటే ఆటోమేటిక్ అని మార్చండి, లేదా గూగుల్ వారి 8.8.8.8, 8.8.4.4 పెట్టండి. పిల్లలున్న ఇంటికి క్లౌడ్‌ఫ్లేర్ వారి 1.1.1.3 నేను ఎక్కువ ఇష్టపడతాను. అది వైరస్ సైట్లను, పెద్దల సైట్లను తెరుచుకోనివ్వదు. ఆటోమేటిక్‌లోనే ఉన్నా సమస్య పోకపోతే, ఆ మాట కూడా ఇంటర్నెట్ సంస్థకు చెప్పండి. లోపం వాళ్ల వైపు ఉండవచ్చు.

అసలు పాస్‌వర్డే పనిచేయకపోతే, ఎవరో మార్చేసి ఉండవచ్చు. అప్పుడు రౌటర్ వెనక సన్నటి రంధ్రంలో పిన్నుతో పది సెకన్లు నొక్కి ఉంచి కొత్తదానిలా చేయాలి. కానీ ఇక్కడ ఒక హెచ్చరిక. కేబుల్ వాళ్లు, ఫైబర్ వాళ్లు ఇచ్చిన డబ్బాలో మీ కనెక్షన్ యూజర్ నేమ్, పాస్‌వర్డ్ వాళ్లే పెట్టి ఉంటారు. రంధ్రం నొక్కితే అవీ పోయి, ఇంటర్నెట్ ఆగిపోతుంది. అందుకని ముందు వాళ్లకు ఫోన్ చేసి ఆ వివరాలు రాసి పెట్టుకోండి, లేదా వాళ్ల మనిషినే పిలిచి ఎదురుగా కూర్చుని చేయించండి. ఆ మనిషి వెళ్లేలోపు అడ్మిన్ పాస్‌వర్డ్ మార్పించండి. అది వైఫై పాస్‌వర్డ్‌కు వేరుగా ఉండాలి. బయటి నుంచి సెట్టింగ్స్ తెరిచే "రిమోట్ మేనేజ్‌మెంట్" ఆపించండి, పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో వైఫై కలిపే డబ్ల్యూపీఎస్ ఆపించండి, ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఉంటే వేయించండి. కంపెనీ అప్‌డేట్లు ఇవ్వడం మానేసిన పాత రౌటర్ అయితే మార్చేయడమే మంచిది. చుట్టాలు వాడి ఇచ్చినదో, సెకండ్ హ్యాండ్‌లో కొన్నదో అయితే ఇంట్లో పెట్టే ముందే రీసెట్ చేయండి. అంతా అయ్యాక ప్రతి ఫోన్‌లో వైఫై సెట్టింగ్స్‌లో ఆ వైఫై పేరు దగ్గర "ఫర్‌గెట్" నొక్కి తీసేసి మళ్లీ కలపండి, ఫోన్ ఒకసారి ఆపి వేయండి. పాత చిరునామాలు ఫోన్‌లో కొంతసేపు నిలిచి ఉంటాయి కాబట్టి ఇది అవసరం.

డబ్బు విషయం కూడా చెప్పాలి. ఎన్ఎంఎంఎస్ అనే కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పరీక్షలో ఎంపికైన పిల్లలకు ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. దానికి నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ఆధార్, బ్యాంకు ఖాతా వివరాలు ఇవ్వాలి. రౌటర్ మీద అనుమానం ఉన్న ఇంట్లో ఆ వైఫై మీద ఈ పని చేయకండి. సిమ్ డేటా మీద చేయండి, లేదా బడికి రండి. ప్రభుత్వ సైటో బ్యాంకు సైటో తెరిచినప్పుడు "మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు" అని ఎర్ర హెచ్చరిక వస్తే అక్కడే ఆగిపోండి. "అయినా ముందుకు వెళ్లు" అన్నది నొక్కవద్దు. మోసగాడు దారి మళ్లించగలడు గానీ అసలు సైట్ తానేనని రుజువు చేసుకోవడానికి చూపే ధ్రువపత్రం చూపించలేడు. ఆ హెచ్చరిక అదే చెబుతోంది. ఇప్పటికే ఓటీపీయో పాస్‌వర్డో ఇచ్చేసి ఉంటే ముందు బ్యాంకుకు ఫోన్ చేయండి, వెంటనే 1930కి ఫిర్యాదు చేయండి. మనలో చాలామందికి సిమ్ ఒడిశాది, బ్యాంకు ఖాతా సరిహద్దు అవతల ఆంధ్రలో పాతపట్నంలోనో టెక్కలిలోనో ఉంటుంది. ఏ రాష్ట్రంలో చెప్పాలా అని ఆలోచిస్తూ ఆలస్యం చేయకండి. 1930 దేశమంతటికీ ఒకటే నంబరు. పాస్‌వర్డ్‌లు మార్చుకోవడం మాత్రం రౌటర్ బాగయ్యాకో, సిమ్ డేటా మీదో చేయండి.

పిల్లలతో మాట్లాడేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. తెరమీద చెడ్డ బొమ్మ వచ్చిన పిల్ల ముందే భయపడి ఉంటుంది. చెబితే ఫోన్ లాక్కుంటారని తెలిస్తే మరోసారి చెప్పదు. దాచుకుంటుంది. అప్పుడు నిజంగా ఎవరైనా ఆ ఫోన్‌లో బెదిరించినా మనకు తెలియదు. "ఏం చూశావ్" అని కాకుండా "ఎప్పుడొచ్చింది, వైఫై మీదా డేటా మీదా, ఏ పేజీ నొక్కితే వచ్చింది" అని అడగండి. పిల్లలు ఇవి మనకంటే బాగా గమనిస్తారు. ఫోన్ ఆపేసిన ఇళ్లలో, ముఖ్యంగా ఆడపిల్లలకు, దయచేసి తిరిగి ఇవ్వండి. సబ్జెక్టు గ్రూపుల్లో ఉపాధ్యాయులు పంపే పాఠాలు వాళ్లకు అందడం లేదు.

ఈ నెల మిగిలిన శనివారాలు బడి వదిలాక మన కంప్యూటర్ మాస్టారు ల్యాబ్‌లో ఉంటారు. రౌటర్ కింద ఉన్న కాగితం ఫోటో, డీఎన్ఎస్ పేజీ ఫోటో తీసుకుని రండి. వచ్చేటప్పుడు పిల్లల్ని కూడా తీసుకురండి. పాస్‌వర్డ్‌లు మాత్రం ఎవరికీ చూపించవద్దు, బడి వాట్సాప్ గ్రూపులో అసలే పెట్టవద్దు. ఫోటోలో కనిపిస్తే చేత్తో మూసి తీయండి. గుణుపురం వైపు నుంచి, దూరం ఊళ్ల నుంచి వచ్చే పిల్లల తల్లిదండ్రులు ఇంత దూరం రాలేకపోతే డైరీలో ఒక ముక్క రాసి పంపండి. ఏ రోజు ఏ వేళకు వీలవుతుందో రాస్తే మేమే ఫోన్ చేసి, మీరు రౌటర్ పక్కన ఉండగా ఒక్కొక్కటీ చెప్పి చేయిస్తాం. తెలుగులో కావాలా ఒడియాలో కావాలా అన్నది కూడా రాయండి.

మీ
ప్రధానోపాధ్యాయుడు