సూది వేసేటప్పుడు తల్లిని బయటికి పంపకండి

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఆసుపత్రుల పిల్లల వార్డుల్లో సూది వేసే ముందు తల్లిని బయటికి పంపే పద్ధతిని మాన్పించమని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

మా అక్క కొడుక్కి ఐదేళ్లు. జ్వరంతో నగరంలోని ఒక ఆసుపత్రిలో చేరాడు. కాన్యులా (మందు ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నటి గొట్టం) పెట్టాలంటూ అక్కను వరండాలోకి పంపి, ఇద్దరు వాణ్ని మంచానికి అదిమి పట్టారు. "చీమ కుట్టినట్టు ఉంటుంది నాన్నా" అన్నారట. నరం దొరకక మళ్లీ మళ్లీ గుచ్చారు. అంతే, వాడికి చీమ మీద నమ్మకం పోయింది. ఆ తర్వాత థర్మామీటర్ తీసినా కెవ్వుమనేవాడు.

సిస్టర్లను తప్పుపట్టడం లేదు. వార్డు నిండా పిల్లలు, పక్కన కంగారుపడే తల్లి, దొరకని సన్నటి నరం. వాళ్ల టెన్షన్ వాళ్లది. కానీ టీకాల నొప్పి తగ్గించడం గురించి 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది వేరు: బిడ్డను తల్లో తండ్రో పట్టుకోవాలి, పాలు తాగే బిడ్డకైతే ఆ సమయంలో పాలివ్వాలి. వెల్లకిలా పడుకోబెట్టి అదిమితే భయం పెరుగుతుంది. ఒళ్లో కూర్చోబెట్టుకుని ఆ ఒక్క చేయి కదలకుండా చూస్తే సరిపోతుంది. కాస్త పెద్ద పిల్లలతో సబ్బు బుడగలు ఊదించినా, ఫోన్‌లో కార్టూన్ పెట్టినా మనసు మళ్లుతుంది. దీనికి బడ్జెట్ ఎంతని?

చర్మం మొద్దుబారేలా చేసే క్రీము కూడా ఉంది, లిడోకెయిన్, ప్రిలోకెయిన్ కలిసినది. రాశాక గంటసేపు ఆగాలి కాబట్టి ఎమర్జెన్సీలో పనికిరాదు. తరచూ రక్తం తీయక తప్పని క్యాన్సర్ పిల్లలకు మాత్రం ఎంతో మేలు.

పసివాళ్లకు నొప్పి ఏం తెలుస్తుందనే మాట డాక్టర్ల లోకంలోనూ చాలాకాలం చెల్లుబాటైంది. 1980ల దాకా పెద్ద దేశాల్లో సైతం నెలలు నిండని శిశువులకు నామమాత్రపు మత్తుతో ఆపరేషన్లు చేశారు. ఇండోర్‌లో డాక్టరీ చదివి ఆక్స్‌ఫర్డ్ వెళ్లిన డాక్టర్ ఆనంద్, నొప్పికి గట్టి మందు ఇచ్చిన శిశువులకు ఆపరేషన్ తర్వాత ఇబ్బందులు తక్కువని 1987లో చూపించాక ఆ ధోరణి మారసాగింది.

నేను అడిగేది ఒక పేజీ ఉత్తర్వు. సూది వేసేటప్పుడు తల్లి లేదా తండ్రి దగ్గరుండొచ్చని, వీలైతే ఒళ్లోనే వేయాలని, నొప్పి ఉంటుందని పిల్లలకు ముందే నిజం చెప్పాలని అందులో రాయించండి. చూడలేని తల్లి బయట ఉండొచ్చు, అది ఆమె ఇష్టం. క్రీమును ప్రభుత్వ మందుల సరఫరాలో చేర్చించండి. రాష్ట్రం నలుమూలల నుంచి పిల్లలొచ్చే హైదరాబాద్ నిలోఫర్ ఆసుపత్రిలో మొదలుపెడితే, అక్కడ పని నేర్చుకునే నర్సులు, జూనియర్ డాక్టర్లే ఈ పద్ధతిని జిల్లాలకు తీసుకెళ్తారు.

ఇట్లు,
ఒక మేనమామ,
అంబర్‌పేట, హైదరాబాద్