మొదటిది సిజేరియన్ అయితే రెండోదీ అంతేనా, మంత్రి గారూ?

గౌరవనీయులైన తెలంగాణ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

మన రాష్ట్రంలో సిజేరియన్లు ఎక్కువని మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60 పైచిలుకు కాన్పులు ఆపరేషన్లే. ప్రైవేటులో 80 దాటాయి. దేశం మొత్తమ్మీద 21.5 శాతమే. ఈ లెక్క బయటికొచ్చినప్పుడల్లా ముహూర్తాల పిచ్చి గురించి, నొప్పులు ఓర్చుకోలేని ఈ కాలం ఆడపిల్లల గురించి మాట్లాడతారు. ఒకసారి కోత పడ్డవాళ్లం మళ్లీ కాన్పుకొస్తే ఏమవుతుందన్నది మాత్రం ఎవరికీ పట్టదు.

నాకిప్పుడు ఎనిమిదో నెల. మా పాపకు మూడేళ్లు దాటాయి. అప్పుడు ఎదురుకాళ్లతో ఉందని ఆపరేషన్ చేశారు, దాని మీద నాకే ఫిర్యాదూ లేదు. ఈసారి బిడ్డ తల కిందికే ఉంది. నాకు బీపీ, షుగర్ లేవు. అయినా ఆస్పత్రిలో ఫైలు మీద ఎర్ర పెన్నుతో ‘పాత సిజేరియన్’ అని రాసి, మంచిరోజు చూసుకుని రమ్మన్నారు. నొప్పులొచ్చేదాకా ఆగొచ్చా అని అడిగితే, “కుట్లు విచ్చుకుంటే పూచీ ఎవరిదమ్మా?” అన్నారు.

ఆ భయం ఉత్తిది కాదు. నొప్పుల్లో గర్భసంచి పాత కోత దగ్గర చిట్లే ప్రమాదం సుమారు 200 మందిలో ఒకరికి ఉంటుందని బ్రిటన్‌లో గైనకాలజిస్టుల రాయల్ కాలేజీ 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. చిట్లితే నిమిషాల్లో ఆపరేషన్ చేయాలి. కానీ ఒక్క సిజేరియన్ అయి, నార్మల్‌కు ప్రయత్నించినవాళ్లలో నూటికి 72 నుంచి 75 మందికి అది సాధ్యమవుతుందనీ అవే చెబుతున్నాయి. ఇక ఆపరేషన్లు పెరిగేకొద్దీ తర్వాతి గర్భంలో మాయ పాత కోతకు అతుక్కుపోయి, రక్తం పోయి, గర్భసంచే తీసేయాల్సి వచ్చే ముప్పు పెరుగుతుంది. ఆ సంగతి మాకు చెప్పేవాళ్లు లేరు.

అసలు చిక్కు ఇంకోటుంది. పొట్ట మీద కుట్టు అడ్డంగా ఉన్నంత మాత్రాన లోపల గర్భసంచినీ అడ్డంగానే కోశారనుకోవడానికి లేదు. లోపల పైదాకా నిలువుగా కోసి ఉంటే నొప్పులకు ఆగడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. నా పాత కాగితాలు తీసి చూశాను. బిల్లులో దూది నుంచి గ్లౌజుల దాకా లెక్క ఉంది. డిశ్చార్జి కాగితంలో కోత గురించి ఒక్క ముక్క లేదు. పాత డాక్టరు ఊరు మారారు. కొత్త డాక్టరు ఏ ధైర్యంతో ఆగమంటారు?

జిల్లాకు కనీసం ఒక మాతాశిశు ఆస్పత్రిలో అర్ధరాత్రి కూడా మత్తు డాక్టరు, రక్తం, థియేటర్ సిద్ధంగా ఉండేలా చూడండి. మాలాంటివాళ్లు నార్మల్‌కు ప్రయత్నించాల్సింది అక్కడే, ఊరి పీహెచ్‌సీలో కాదు. నర్సులకు మిడ్‌వైఫరీ, అంటే నార్మల్ కాన్పులు చేయించే శిక్షణను 2017లోనే కరీంనగర్‌లో మొదలుపెట్టిన రాష్ట్రం మనది, వాళ్లను అక్కడ నియమించండి. దయచేసి టార్గెట్లు మాత్రం పెట్టకండి. లెక్క కోసం నార్మల్ చేయించేవాళ్లంటే మాకు ఇంకా టెన్షన్. రెండోసారీ ఆపరేషనే కావాలనుకునే తల్లిని కూడా ఎవరూ తప్పుపట్టకూడదు.

వీటన్నిటికీ డబ్బు, సమయం పడతాయని తెలుసు. ఆపరేషన్ ఎందుకు చేశారో, గర్భసంచిని ఎలా కోశారో ప్రతి తల్లి డిశ్చార్జి కాగితంలో తెలుగులో రాయాలని ప్రభుత్వ, ప్రైవేటు ఆస్పత్రులన్నిటికీ ఆదేశించడానికి బడ్జెట్ అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు. అది ఈ నెలలోనే ఇవ్వండి.

ఇట్లు,
రెండో కాన్పుకు సిద్ధమవుతున్న ఒక తల్లి