పరాయి పండుగ అనే ముందు

సంపాదకుడు గారికి,

ఫిబ్రవరి 14న పార్కుల్లో, కళాశాలల్లో ప్రేమికుల రోజును నిషేధించాలని కోరుతూ మీ పత్రికలో వచ్చిన లేఖ చదివాను. అది ఒక మతం వారి పండుగ అనీ, మన సంస్కృతికి పరాయిదనీ ఆ పాఠకుడి వాదన. ఏటా వినే మాటే. కానీ ఈ మాట చెప్పుకునే కొందరు బెంచీల మీద కూర్చున్న జంటలను నిలదీస్తున్నారు, తాళి కట్టమనీ రాఖీ కట్టమనీ బలవంతపెడుతున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

ఈ రోజుకు పేరు వాలెంటైన్ నుంచి వచ్చింది. మూడో శతాబ్దంలో క్రైస్తవ మతం కోసం ప్రాణాలిచ్చిన వాలెంటైన్లు ఇద్దరున్నారని గాథలు చెబుతాయి. ఒకరు రోము నగరపు మతాచార్యుడు, మరొకరు ఇటలీలోని తెర్ని పట్టణపు బిషప్పు. వాలెంటైన్ సైనికులకు రహస్యంగా పెళ్లిళ్లు చేశాడన్న కథ తర్వాతివాళ్లు అల్లినది, తొలి గాథల్లో కనిపించదు. నమ్మదగిన వివరాలు మరీ తక్కువని కాథలిక్ చర్చి 1969లో తన సార్వత్రిక పండుగల పట్టిక నుంచి ఈ రోజును తొలగించింది.

ఆ తేదీకి ప్రేమను ముడిపెట్టింది కవులు. 14వ శతాబ్దం చివర్లో ఆంగ్ల కవి చాసర్ తన పక్షుల సభ కావ్యంలో, వాలెంటైన్ రోజున పక్షులన్నీ జతను ఎంచుకోవడానికి ప్రకృతి దేవత ముందు చేరాయని రాశాడు. అందులోని ఆడ డేగ నాకెంతో ఇష్టం. మూడు మగ డేగలు తమ ప్రేమే గొప్పదని వాదించుకుంటుంటే, ఆలోచించుకోవడానికి తనకు ఏడాది గడువు కావాలంటుంది. ప్రకృతి దేవత ఒప్పుకుంటుంది. ఆడపిల్ల మాటకు అంత విలువ ఇచ్చిన కథ మన పిల్లలను చెడగొడుతుందా? 1477లో మార్జరీ బ్రూస్ అనే ఇంగ్లండు యువతి తాను పెళ్లాడబోయేవాడిని వాలెంటైన్ అని సంబోధిస్తూ ఉత్తరం రాసింది. నాన్న ఇస్తానన్నదానికంటే ఎక్కువ కట్నం ఇవ్వడట, నిజంగా ప్రేమిస్తే అందుకోసం తనను వదులుకోవద్దంటుంది. ఆ వేదన తెలుగు ఇళ్లకు కొత్తదా?

ఇక మన సంస్కృతి సంగతి. ఏడో శతాబ్దపు హర్షుడి రత్నావళి నాటకం మదనోత్సవంతోనే మొదలవుతుంది. ఊరంతా రంగులు చల్లుకుంటుంది, రాణి వాసవదత్త ఉద్యానవనంలో అశోక వృక్షం కింద మన్మథుడికి పూజ చేస్తుంది. చాటు నుంచి రాజును చూసిన రాణి పరిచారిక సాగరిక ఆయనే మన్మథుడనుకుంటుంది. రోమన్ల ప్రేమదేవుడు క్యూపిడ్ చేతిలోనూ విల్లే, మన్మథుడి చేతిలోనూ విల్లే. మనవాడిది చెరకు విల్లు, తుమ్మెదల నారి, ఐదు పూల బాణాలు. మదనోత్సవమూ ప్రేమికుల రోజూ ఒకటేనని నేను అనను. ప్రేమను తోటలో అందరి ముందు పండుగ చేసుకోవడం మనకు తెలియనిదన్న మాట మాత్రం అబద్ధం.

విదేశీ వ్యాపారమని తిట్టే ఆ ఎర్ర గులాబీని పండించేదెవరో బెంగళూరులో ఉన్నవాళ్లకు తెలియదా? దొడ్డబళ్లాపుర, దేవనహళ్లి, హోసూరు చుట్టుపక్కల రైతులు ఫిబ్రవరి పూత కోసం డిసెంబరులోనే కొమ్మలు కత్తిరిస్తారు. తాజ్‌మహల్ రకం గులాబీలు ఇక్కడి విమానాశ్రయం నుంచి విదేశాలకు వెళ్తాయి. నిషేధమంటే ఆ రైతుల కష్టానికి కూడా దెబ్బే.

చదువుకో, ఉద్యోగానికో సొంతూరు వదిలి వచ్చి హాస్టళ్లలో ఉంటున్న మన తెలుగు పిల్లలు ఈ నగరంలో ఎందరో. ఇద్దరు కూర్చుని మాట్లాడుకోవడానికి వాళ్లకు లాల్‌బాగ్, కబ్బన్ పార్కు లాంటి చోట్లు కావాలి. ఆ రోజు పార్కుల్లో పోలీసులను నియమించాలి, జంటలను తరిమేందుకు కాదు, వాళ్ల జోలికి వచ్చేవారిని అడ్డుకునేందుకు. ఎవరైనా పేరు, ఊరు అడిగి బెదిరిస్తే వెంటనే కేసు పెట్టాలి. ఈ విషయం ఫిబ్రవరి మొదటి వారంలోనే ప్రకటించాలని నగర పోలీసు అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
మల్లేశ్వరం, బెంగళూరు