మన రక్తదాతల సంఘం వార్షిక నివేదిక, 2024-25

సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలని మన నియమావళిలో ఉంది కాబట్టి రాస్తున్నాను, కానీ ఈసారి కారణం అదొక్కటే కాదు. ఈ ఏడాది కొద్దిమంది చాలా పని చేశారు, ఆ పని బయటికి కనిపించలేదు, అది రికార్డులోకి ఎక్కాలి. అలాగే మన వాట్సాప్ గ్రూపు గురించి చాలా నెలలుగా లోపల దాచుకున్న మాటలు కొన్ని ఉన్నాయి. ఎవరినీ పేరు పెట్టి అనను. కానీ చెప్పక తప్పదు.

ముందుగా కృతజ్ఞతలు. ఆరోగ్యం బాగాలేకపోయినా ఒక్క సమావేశం కూడా తప్పని అధ్యక్షులు గారికి, మన రిజిస్టరును ఏడాది పొడవునా కౌంటరు మీదే ఉంచి, అడిగినవాళ్లకల్లా తీసి చూపించిన తెనాలి చెంచుపేట మెడికల్ షాపు యజమానికి, శిబిరం రోజు ఇడ్లీలు పంపి డబ్బులు వద్దన్న కొత్తపేట టిఫిన్ సెంటర్ అమ్మగారికి, దాతలని తెలిస్తే కిరాయి తీసుకోని స్టేషన్ దగ్గరి ఆటో సోదరులకు, కార్డులు అచ్చు ఖర్చులకే వేసి ఇచ్చిన ప్రెస్సు వారికి, పండగ రోజు కూడా ఫోన్ ఎత్తిన ల్యాబ్ టెక్నీషియన్లకు సంఘం తరఫున నమస్కారాలు. అన్నిటికంటే ముఖ్యంగా, అర్ధరాత్రి ఫోన్ మోగితే విసుక్కోకుండా మనవాళ్లను లేపి, స్వెట్టరు చేతికిచ్చి పంపిన ఇంట్లోవాళ్లకు.

ఇక గ్రూపు సంగతి.

సెప్టెంబరులో, డెంగీ బాగా ఉన్న రోజుల్లో, ఒక మంగళవారం సాయంత్రం నాలుగింటికి గుంటూరులోని ఒక ఆసుపత్రి నుంచి నాకు ఫోన్ వచ్చింది. కొల్లిపర వైపు కుర్రాడు, ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి, బి పాజిటివ్ ఎస్‌డీపీ కావాలన్నారు, అంటే ఒకే దాత నుంచి యంత్రంతో ప్లేట్‌లెట్లు మాత్రమే తీసే పద్ధతి. వివరాలన్నీ రాసి గ్రూపులో పెట్టాను. గంటలో 31 మంది చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. కొందరు ‘ఫార్వర్డ్ చేశాను’ అన్నారు. ఐదుగురు ‘నేను వస్తాను’ అని రాశారు. ఐదుగురు వస్తున్నారని ఆ కుర్రాడి అన్నయ్యకు నేనే చెప్పాను, అతను ఆసుపత్రి గేటు దగ్గర నిలబడ్డాడు.

రాత్రి తొమ్మిదయినా అక్కడే నిలబడి ఉన్నాడు. ఆ ఐదుగురిలో ఒకరు హైదరాబాద్‌లో ఉన్నారు, ఊళ్లో ఉంటే వచ్చేవాణ్నని ఆయన ఉద్దేశమట. ఒకరు రెండు రోజుల కిందట ఒళ్లు నొప్పులకు ఆస్పిరిన్ వేసుకున్నారు, అది వేసుకుంటే మూడు రోజుల దాకా ప్లేట్‌లెట్లు తీసుకోరు. ఒకరు మధ్యాహ్నం పెళ్లిలో బిర్యానీ తిని వెళ్లారు, రక్తంలో కొవ్వు తేలి వెనక్కి పంపారు, కనీసం ఆయన వెళ్లారు. మిగిలిన ఇద్దరి ఫోన్లు స్విచ్ఛాఫ్. చివరికి మెడికల్ షాపులో ఉన్న పాత రిజిస్టరు తిరగేస్తే దుగ్గిరాల పసుపు యార్డులో పనిచేసే ఒక సభ్యుడి నంబరు దొరికింది. ఫోన్ చేస్తే మొదటి రింగుకే ఎత్తి, ‘ఎక్కడికి రమ్మంటారు?’ అని మాత్రం అడిగారు. పదిన్నరకు గుంటూరు చేరారు, అన్నీ సరిపోయాయి. ఆ కుర్రాడు కోలుకుని ఇంటికి వెళ్లాడు.

ఆయన దగ్గర స్మార్ట్‌ఫోన్ లేదు. ఆయన మన గ్రూపులోనే లేరు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గ్రూపులో జనం ఉన్నారు, మంచి మనసు ఉంది, అది నేను కాదనను. కానీ ఒక మెసేజ్ ఫార్వర్డ్ చేయగానే మన వంతు అయిపోయిందన్న తృప్తి వచ్చేస్తోంది, అందరూ పక్కవాళ్లకు పంపుతున్నారు, ఆసుపత్రికి మాత్రం ఎవరూ వెళ్లడం లేదు. మధ్యాహ్నం పెట్టిన మెసేజ్‌కి సాయంత్రం దీపాలు పెట్టే వేళకు జవాబు. ఈలోగా ఆ మెసేజ్ మీద గుడ్ మార్నింగ్ పూలు, రాజకీయ వీడియోలు, ఎవరిదో పుట్టినరోజు వచ్చి పడతాయి, అది ఎక్కడికో పైకి వెళ్లిపోతుంది. దాత వచ్చి పడుకుని రక్తం ఇచ్చాక కూడా అది వెంటనే రోగికి ఎక్కదు. హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలన్నీ చేయాలి, క్రాస్‌మ్యాచింగ్, అంటే ఆ రక్తం రోగి రక్తానికి సరిపడుతుందో లేదో చూడటం, అదీ చేయాలి, దానికే కొన్ని గంటలు పడుతుంది. మనం గ్రూపులో పోగొట్టిన మూడు గంటలను ఏ డాక్టరూ వెనక్కి తేలేడు.

పాత మెసేజ్‌ల బెడద ఇంకొకటి. ఏడేళ్ల పాపకు ఆపరేషన్, అర్జంటుగా ఏబీ నెగటివ్ కావాలన్న మెసేజ్ ఈ ఏడాది మన గ్రూపులోకి నాలుగుసార్లు వచ్చింది. తేదీ లేదు, ఆసుపత్రి పేరు సగం, నంబరుకు చేస్తే పలకదు. ప్రతిసారీ మనవాళ్లు కంగారుపడి ఫోన్లు తిప్పారు. ఇలాంటివి నాలుగు చూశాక ఐదోది నిజమైనా ఎవరూ కదలరు, నా భయం అదే. రోగి బంధువుల నంబరు అందరికీ కనిపించేలా పెట్టడం వల్ల కూడా నష్టం జరిగింది. ఒక కుటుంబానికి ఎవరో ఫోన్ చేసి దాతను పంపుతాం, ముందు ఆరు వేలు వేయండి అన్నారు. వాళ్లు వేసేశారు కూడా. ఎవరూ రాలేదు. రక్తం అమ్ముకునేవాళ్లు ఆసుపత్రుల బయట కూర్చునే రోజులు మనలో పెద్దవాళ్లకు గుర్తుంటాయి, సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పు వల్ల 1998 జనవరి 1 నుంచి ఆ పద్ధతిపై నిషేధం వచ్చింది. దాన్ని మనం ఫోన్ల ద్వారా మళ్లీ తెచ్చుకోకూడదు.

అందుకే ఈ ఏడాది మనం చేసిన అన్ని పనుల్లోకి నేను గర్వంగా చెప్పుకునేది నంబర్ల తనిఖీ. దీనికి బ్యానర్ లేదు, ఫోటోలు లేవు, పేపర్లో రాలేదు. మన జాబితాలో 612 పేర్లున్నాయి, ఆరు వందల మంది దాతలున్న సంఘమని ప్రతి వేదిక మీదా చెప్పుకుంటూ వచ్చాం. నవంబరు, డిసెంబరు నెలల్లో ఏడుగురు సభ్యులు 40 సాయంత్రాలు, ఏడు నుంచి తొమ్మిది దాకా, మెడికల్ షాపు వెనక గదిలో కూర్చుని ఒక్కొక్క నంబరుకూ ఫోన్ చేశారు. 171 నంబర్లు పనిచేయడం లేదు, లేదా వేరేవాళ్ల చేతుల్లో ఉన్నాయి. 58 మంది హైదరాబాద్, బెంగళూరు, ఇంకా దూరం వెళ్లిపోయారు. 46 మందికి 65 దాటాయి లేదా బీపీ, షుగరు మందుల వల్ల ఇవ్వలేని పరిస్థితి. కొందరు ఇక వద్దు అన్నారు, అది వాళ్ల హక్కు, మర్యాదగా తీసేశాం. ఇద్దరు కాలం చేశారని వాళ్ల ఇంట్లోవాళ్లు చెప్పారు, వాళ్లలో ఒకాయన మన మొదటి శిబిరంలో మొట్టమొదట పడుకున్న దాత. ఇదంతా పోగా నిలబడింది 247 మంది. సంఖ్య తగ్గిందని కొందరు సభ్యులు బాధపడ్డారు. నాకు మాత్రం ఆ 247 చూస్తే ధైర్యం వచ్చింది, ఎందుకంటే ఫోన్ చేస్తే పలికే మనుషులు వాళ్లు.

ఇప్పుడు ఒక్కొక్కరికీ ఒక కార్డు ఉంది. బ్లడ్ గ్రూపు, ఏ పేట లేదా ఏ ఊరు, చివరిసారి ఎప్పుడు ఇచ్చారు, రాత్రి రాగలరా, బండి ఉందా. మగవాళ్లకు మూడు నెలలు, ఆడవాళ్లకు నాలుగు నెలలు గడవనిదే ఫోన్ చేయం. నెగటివ్ గ్రూపులవాళ్ల కార్డులు విడిగా ఎర్ర క్లిప్పు పెట్టి ఉంచాం, ఓ నెగటివ్ మనకు తొమ్మిది మందే ఉన్నారు.

ఫిబ్రవరిలో తెనాలిలోనే ఒక కాన్పు కేసు, రక్తస్రావం ఆగలేదు, ఓ నెగటివ్ కావాలన్నారు. రాత్రి 11.20కి కబురు వచ్చింది. గ్రూపులో పెట్టలేదు. ఎర్ర క్లిప్పు తీసి ఫోన్లు చేస్తే రెండో కాల్‌కి పెదరావూరు నుంచి ఒక టీచరు, నాలుగో కాల్‌కి మారీసుపేట నుంచి ఒక డిగ్రీ విద్యార్థి దొరికారు, పన్నెండు లోపు ఇద్దరూ బ్లడ్ బ్యాంకులో ఉన్నారు. స్టాకులో ఉన్న ఒక యూనిట్ వెంటనే ఇచ్చారు, వీళ్లవి పరీక్షలయ్యాక తెల్లవారుజామున ఎక్కించారు. తల్లీబిడ్డా ఇంటికి వెళ్లారు. ఆమె పేరు మన దగ్గర లేదు, రిజిస్టరులో బెడ్ నంబరు మాత్రమే ఉంది.

తలసీమియా, అంటే పుట్టుకతోనే ఒంట్లో రక్తం సరిగా తయారుకాని జబ్బు, ఆ పిల్లల విషయం కూడా ఇదే పద్ధతిలోకి తెచ్చాం. వాళ్లకు రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి, అది ముందే తెలిసిన తేదీ, దానికి ప్రతిసారీ అర్జంటు అని మెసేజ్ పెట్టించడం ఆ తల్లులను అవమానించినట్టే. ముగ్గురు పిల్లలకు ఒక్కొక్కరికి పదిమంది దాతల చొప్పున వరుస రాసి ఇచ్చాం. జనవరి నుంచి ఒక్క తేదీ కూడా తప్పలేదు.

శిబిరాలు రెండు జరిగాయి. అక్టోబరు 1, జాతీయ స్వచ్ఛంద రక్తదాన దినం నాడు కళాశాలలో జరిగిన శిబిరానికి అమ్మాయిలు చాలా ఉత్సాహంగా వచ్చారు, కానీ హిమోగ్లోబిన్ 12.5 లేక ఎంతోమందిని వెనక్కి పంపాల్సి వచ్చింది, కొందరు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఇది మన సంఘం ఒక్కటే తీర్చగల సమస్య కాదు, అయినా కాలేజీవాళ్లతో మాట్లాడాలి. రెండోది ఎండాకాలం శిబిరం. ప్లేట్‌లెట్లు ఐదు రోజులే నిల్వ ఉంటాయి, ఎర్రకణాలు కలిపే ద్రావణాన్ని బట్టి 35 నుంచి 42 రోజులు, కాబట్టి పండగలప్పుడు ఎంత ఇచ్చినా కాలేజీలు మూసేసిన ఎండల్లో బ్లడ్ బ్యాంకులు ఖాళీగానే ఉంటాయి. పొద్దున్నే ఆరింటికి మొదలుపెట్టి తొమ్మిదిన్నరకు ముగించాం, 38 యూనిట్లు వచ్చాయి. ఈ శిబిరానికి హాలు కోసం ఒక కార్యాలయానికి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాం. 19 రోజులు ‘పరిశీలనలో ఉంది’ అనే చూపించింది. రెండుసార్లు వెళ్తే సైట్ పనిచేయడం లేదు, మీరు ఆన్‌లైన్‌లోనే చూసుకోండి అన్నారు. చివరికి కల్యాణమండపం యజమాని అడగ్గానే తాళాలిచ్చారు. అనుమతి శిబిరం అయిపోయిన వారానికి వచ్చింది.

సభ్యుల్లో ఒక అపోహ ఉంది, ఇక్కడే చెబుతాను. ‘నాది ఆ గ్రూపు కాదు’ అని చాలామంది ఆగిపోతున్నారు. బ్లడ్ బ్యాంకులో కావలసిన గ్రూపు స్టాకు ఉన్నప్పుడు, దానికి బదులుగా ఏ గ్రూపు దాత ఇచ్చినా చాలా చోట్ల తీసుకుంటారు. ఆగిపోకండి, ఫోన్ చేసి అడగండి.

రాత్రి డ్యూటీ గురించి చెప్పడానికి నాకు కష్టంగా ఉంది. రాత్రి కార్డులు చూసి ఫోన్లు చేయడానికి వంతుల పట్టిక వేస్తే 14 మంది చేతులెత్తారు, ఫోటో కూడా దిగాం. జనవరి తర్వాత ఆ వంతులు మోస్తున్నది ఐదుగురు. కార్యవర్గం 15 మంది, సమావేశాలకు వచ్చేది ఆరుగురు, ఒక్కోసారి ఐదుగురు. ఉద్యోగాలు, పిల్లలు, అందరికీ ఉన్నాయి, ఆ ఐదుగురికీ ఉన్నాయి. రాలేనివాళ్లు రాలేమని ముందే చెబితే చాలు, ఇంకొకరిని వేసుకుంటాం. వస్తామని చెప్పి రాకపోతే మాత్రం ఆసుపత్రి గేటు దగ్గర ఎవరో నిలబడి ఎదురుచూస్తూ ఉంటారు.

జమాఖర్చులు: పాత నిల్వ 11,240 రూపాయలు, చందాలు, విరాళాలు 64,500, ఖర్చు 58,310, ప్రస్తుత నిల్వ 17,430. కార్డుల అచ్చు, ఫోన్ రీచార్జీలు, శిబిరాల ఖర్చులు ఇందులో ఉన్నాయి. పూర్తి వివరాల కాగితాలు కోశాధికారి గారి దగ్గర ఉన్నాయి, అడిగి చూసుకోవచ్చు. 83 మంది ఏడాది చందా ఇంకా బాకీ.

గ్రూపును మూసేయమని ఇద్దరు సభ్యులు రాతపూర్వకంగా కోరారు. కార్యవర్గం ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోలేదు, శిబిరాల కబుర్లకు అది పనికొస్తుంది. కానీ ఇకమీదట రక్తం కావాలన్న మెసేజ్ అందులో పెట్టేది రాత్రి డ్యూటీవాళ్లు, కార్యదర్శి మాత్రమే. అది కూడా కార్డులన్నీ అయిపోయాకే. తేదీ, టైము, ఆసుపత్రి, ఏ రక్తం, ఎన్ని యూనిట్లు అన్నీ ఉండాలి, బంధువుల నంబరు ఉండకూడదు, పని అయిపోగానే ‘సరిపోయింది’ అని కింద రాయాలి. దీన్ని తీర్మానంగా మీ ముందు పెడుతున్నాం, దయచేసి చర్చించండి.

గుమ్మం దగ్గర బల్ల మీద ఖాళీ కార్డులు, పెన్నులు ఉన్నాయి. ఈ ఏడాది నంబరు మార్చినవాళ్లు భోజనానికి వెళ్లేముందు అక్కడ ఆగి కొత్త నంబరు రాసి వెళ్లండి. రాత్రి పదకొండు దాటాక ఫోన్ ఎత్తగలిగినవాళ్లు కార్డు పైన కుడిమూల ఒక చుక్క పెట్టండి, మాకు అది చాలు.

కార్యదర్శి