చూసుకునే మనిషిని కూడా చూడండి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి ఒక కోడలి లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

మా అత్తయ్యకు డిమెన్షియా, అంటే జ్ఞాపకాన్ని, ఆలోచనను మెల్లగా తినేసే జబ్బు. అన్నం తిని చేయి కడుక్కున్న కాసేపటికే గేటు దగ్గర నిలబడి "మా కోడలు తిండి పెట్టడం లేదమ్మా" అని దారిన పోయేవాళ్లకు చెబుతుంది. ఒకటో తారీఖున వేలిముద్ర వేసి తీసుకున్న పింఛను డబ్బులు తనే దిండు గలీబులో దాచి, నేను కాజేశానంటుంది. అది జబ్బు ఆవిడ చేత అనిపిస్తున్న మాటేనని నాకు తెలుసు. కానీ అత్తాకోడళ్ల సంగతంటే చెవికోసుకునే ఊళ్లో ఎవరు నమ్ముతారు? ఆడపడుచు ఫోన్ చేస్తే మాత్రం అత్తయ్య చక్కగా మాట్లాడుతుంది. "అమ్మ బాగానే ఉందిగా" అంటారు ఆడపడుచు.

2023లో వెలువడిన జాతీయ అధ్యయనం ప్రకారం దేశంలో 60 ఏళ్లు దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి ఈ జబ్బు ఉంది. వాళ్లలో ఎక్కువమందిని ఇంట్లో ఆడవాళ్లే చూసుకుంటున్నారు.

మన పద్ధతులు మాకు బలం కాదని అనను. మనవడి పేరు మర్చిపోయిన అత్తయ్య, సాయంత్రం దీపం పెట్టి గోవింద నామాలు మొదలుపెడితే తడబడకుండా అందుకుంటుంది. ఇద్దరికీ ఆ కాసేపే ప్రశాంతత. పెద్దవాళ్లకు చేయడం మన రుణమనే నమ్మకమే తెల్లవారుజామున మళ్లీ లేపుతుంది. ఆ నమ్మకమే నోరు కూడా నొక్కేస్తుంది. అలసిపోయానంటే పాపం. పగటిపూట ఎక్కడైనా ఉంచుదామంటే "ఆశ్రమంలో పడేశారు" అంటారు. డాక్టర్ దగ్గరకు తీసుకెళ్దామంటే "పెద్దతనం, చాదస్తం, దానికి మందులేంటి" అంటారు.

అందుకే సాయం మా గడపలోకే రావాలి. బీపీ చూడడానికి వచ్చే ఏఎన్ఎం, ఆశా కార్యకర్తలకు డిమెన్షియా గురించి శిక్షణ ఇప్పించండి. వాళ్లు బంధువులందరినీ కూర్చోబెట్టి "ఇది జబ్బు, ఈ అమ్మాయి తప్పేం లేదు" అని చెబితే ఆ మాటకు విలువ ఉంటుంది, మేం చెబితే ఉండదు. వారానికి ఒక పూటైనా ఇంటికొచ్చి కనిపెట్టుకుని ఉండే మనిషిని ఇవ్వండి. పక్షవాతంతో మంచాన పడినవాళ్లకు నెలకు 15,000 పింఛను ఇస్తున్నారు, మంచి పనే. కాళ్లు ఆడుతూ, రాత్రిళ్లు "మా ఇంటికి పోతా" అని గేటు లాగే మనిషికి మాత్రం మామూలు వృద్ధాప్య పింఛనే. ఈ తేడా మీరు సరిచేయగలరు. వచ్చే బడ్జెట్‌లోనే చేయండి.

ఇట్లు,
ఒక కోడలు,
గుంటూరు జిల్లా